వెతకడమా, ముందే రాసిపెట్టుకోవడమా?

బళ్ళారి కౌల్‌బజార్‌లో జీన్స్ కుట్టే షెడ్లలో కరెంటు పోయి వచ్చిందంటే కుట్టు మిషన్లు ఆ క్షణమే తిరగడం మొదలుపెడతాయి. వైఫై మాత్రం ఎప్పటికో గానీ రాదు. గోడకు తగిలించిన రౌటర్ మీద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుంటాయి, ఆర్డర్ ఫొటో పంపాల్సినవాడు ఫోన్ పట్టుకుని వాటికేసి చూస్తుంటాడు. ఆ ఆలస్యంలో ఎక్కువ భాగం ఫ్లాష్ మెమరీ నుంచి ప్రోగ్రాములు చదవడానికీ, అవతలి కంపెనీ సర్వర్‌తో కనెక్షన్ కుదుర్చుకోవడానికీ పోతుంది. కానీ అంతకంటే ముందు, మొదటి దీపం సరిగ్గా వెలగకమునుపే ఒక పని జరిగి తీరాలి. తాను ఏ యంత్రంలో ఉన్నదీ, ఆ యంత్రంలో ఏయే భాగాలు ఎక్కడెక్కడ ఉన్నదీ లోపలి సాఫ్ట్‌వేర్ తెలుసుకోవాలి.

మన టేబుల్ మీది పీసీకి ఈ బాధ తక్కువ. పీసీఐ, యూఎస్‌బీ దారుల మీద తగిలించిన కార్డూ పెన్‌డ్రైవూ అడిగితే తమ పేరు తామే చెబుతాయి. మిగతా వివరాలు బయోస్ అందించే ఏసీపీఐ పట్టికల్లో దొరుకుతాయి. రౌటర్లో, మొబైల్‌లో, సెట్‌టాప్ బాక్స్‌లో ఉండే చిప్పుల సంగతి వేరు. సీరియల్ పోర్టు, ఐ-స్క్వేర్డ్-సీ తీగ మీది ఉష్ణోగ్రత సెన్సర్, దీపాలు వెలిగించే పిన్నులు, వీటికి నోరు లేదు. ఫలానా చిరునామాలో ఫలానా పరికరం ఉందని ఎవరో ఒకరు ముందే రాసిపెట్టాలి. తప్పు చిరునామాలో తడిమితే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్ అక్కడే కుప్పకూలొచ్చు.

ఒకప్పుడు ఆ రాతంతా కెర్నెల్ కోడ్‌లోనే ఉండేది. ఒక్కో బోర్డుకు ఒక్కో సీ భాష ఫైలు. ఆర్మ్ చిప్పులు విపరీతంగా పెరిగేసరికి లినక్స్‌లో ఆ ఫైళ్ళు గుట్టలుగా పడ్డాయి. 2011లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఇక భరించలేనని బహిరంగంగానే విసుక్కున్నాడు. అప్పుడు అందరూ అందుకున్న మందు కొత్తదేమీ కాదు. సన్ కంపెనీలో మిచ్ బ్రాడ్లీ తయారుచేసిన ఓపెన్‌బూట్ అనే ఫర్మ్‌వేర్ యంత్రంలోని భాగాలను చెట్టు ఆకారంలో వర్ణించేది. అదే 1994లో ఐఈఈఈ 1275 ప్రమాణం అయింది, ఆపిల్ పవర్‌పీసీ యంత్రాల్లోకీ వచ్చింది. అంత పెద్ద ఫర్మ్‌వేర్‌ను మోయలేని చిన్న బోర్డుల కోసం 2005 ప్రాంతంలో బెంజమిన్ హెరెన్‌ష్మిట్ ఆ చెట్టును చదును చేసి, ఒకే ఫైలుగా చుట్టి కెర్నెల్ చేతికి ఇచ్చే పద్ధతి పెట్టాడు. దాన్నే ఫ్లాటెన్డ్ డివైస్ ట్రీ అంటారు. ఈరోజు ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ, చాలా రౌటర్లలోనూ, రాస్ప్‌బెరీ పైలోనూ, మద్రాసు ఐఐటీ వారి శక్తి ప్రాసెసర్ మీద లినక్స్ నడవాలన్నా యంత్ర వర్ణన ఈ ఫైలు రూపంలోనే వెళ్తుంది. యంత్రం లేచేటప్పుడు కెర్నెల్‌కంటే ముందు నడిచే బూట్‌లోడర్ ఈ ఫైలును మెమరీలో ఒకచోట పెట్టి, ఆ చోటు చిరునామాను ఒక రిజిస్టర్లో ఉంచి కెర్నెల్‌లోకి దూకుతుంది. 64-బిట్ ఆర్మ్‌లో అది ఎక్స్0 రిజిస్టర్, శక్తి లాంటి రిస్క్-ఫైవ్ ప్రాసెసర్లలో ఏ1.

ఫైలు చదివించడం తేలికే. చదివినదాంట్లో కావలసినది వెతకడంలోనే ఉంది తంటా అంతా.

ఆ ఫైలును విప్పి చూద్దాం. మొదటి 40 బైట్లు శీర్షిక, నాలుగేసి బైట్ల చొప్పున పది అంకెలు. అందులో మొదటిది ఇది డివైస్ ట్రీయేనని గుర్తుపట్టే ముద్ర. షోడశాంక పద్ధతిలో అక్షరాలు కూడా అంకెలే కాబట్టి దాన్ని డి-0-0-డి-ఎఫ్-ఇ-ఇ-డి అని రాస్తారు. ఇంజినీర్ల చిలిపితనం ఇలాంటిచోటే బయటపడుతుంది. శీర్షిక తర్వాత రిజర్వు మెమరీ పట్టీ, అసలు చెట్టు, ఆస్తిపేర్ల మూట ఉంటాయి. చెట్టులో ఒక్కో కొమ్మను నోడ్ అంటారు, దాని గురించి రాసిన ఒక్కో వివరం ఒక ఆస్తి. చెట్టు భాగంలో నోడ్ మొదలైతే 1, ముగిస్తే 2, ఒక ఆస్తి వస్తే 3, మొత్తం అయిపోతే 9. అంతే, వరుసగా ఒక పొడవాటి దండ. ఒకే ఆస్తిపేరు వందసార్లు వచ్చినా పేర్ల మూటలో ఒక్కసారే ఉంటుంది, మిగతాచోట్ల దాని స్థానం మాత్రమే రాస్తారు. కిలోబైట్లు లెక్కపెట్టుకునే రోజుల పొదుపు అది.

ఇందులో ఒకచోటి నుంచి ఇంకోచోటికి చూపే మెమరీ చిరునామాలు, అంటే పాయింటర్లు, ఒక్కటీ లేవు. ఫైలును మెమరీలో ఇక్కడినుంచి తీసి అక్కడ పెట్టినా చెక్కుచెదరదు, ఎందుకంటే ఏ స్థానమైనా మొదటినుంచి ఎంత దూరమో చెప్పే అంకె మాత్రమే. బూట్ సమయానికి ఇది వరమే. మెమరీ ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉందో కూడా ఇంకా తెలియని క్షణం అది. ఆ సంగతి రాసి ఉండేది కూడా ఈ చెట్టులోనే మరి! కాస్త మెమరీ తీసుకుని సౌకర్యంగా కట్టుకుందామంటే, మెమరీ ఎంతుందో తెలియాలి. అది తెలియాలంటే చెట్టు చదవాలి. అందుకని మొదటి చదువు ఎప్పుడూ చదును చెట్టు మీదే, ఏమీ కేటాయించుకోకుండా జరగాలి.

పాయింటర్లు లేకపోవడం శాపంగా మారేది ఆ తర్వాత. ఒక నోడ్ దగ్గర నిలబడి, దీని తల్లి నోడ్ ఎవరని అడిగితే ఫైలులో జవాబు లేదు. చెట్టు మొదటికి వెళ్ళి, తెరుచుకున్న నోడ్లనూ మూసుకున్న నోడ్లనూ లెక్కపెట్టుకుంటూ మళ్ళీ ఇక్కడిదాకా రావాలి. డేవిడ్ గిబ్సన్ రాసిన లిబ్‌ఎఫ్‌డీటీ అనే లైబ్రరీలో తల్లిని వెతికే ఫంక్షన్ మీద ఒక హెచ్చరిక ఉంటుంది: ఇది ఖరీదైన పని, చెట్టును మొదటినుంచి ఈ నోడ్ దాకా ఒకసారి కాదు, రెండుసార్లు చదువుతుంది అని. పక్క నోడ్‌కు దూకడం కూడా సులువు కాదు. ఈ నోడ్ పిల్లలన్నీ కలిపి ఎంత పొడవో ఎక్కడా రాసి లేదు కాబట్టి, పిల్లలూ పిల్లల పిల్లలూ అందరినీ పలకరించుకుంటూ పోతేగానీ పక్కింటి గడప రాదు.

తల్లితో అంత పనేముంది, పిల్ల నోడ్ చాలదా అని అడగొచ్చు. చాలదు. బళ్ళారివాళ్ళకు ఇది భూమి లెక్కలతో చెబితే ఇట్టే తెలుస్తుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. ఒకే ఇంటివాళ్ళకు సరిహద్దుకు అటూ ఇటూ పొలాలు ఉండటం ఇక్కడ వింత కాదు. ఎవరైనా ఒక కాగితం చూపించి, సర్వే నంబరు 45, విస్తీర్ణం 1-20 అన్నారనుకోండి. ఆ కాగితం ఒక్కటే చూసి ఏం చెప్పగలం? ప్రతి ఊళ్ళోనూ 45వ నంబరు ఉంటుంది. ఇక ఆ 20 ఏమిటి? పాత మైసూరు సీమ లెక్కలో అది 20 గుంటలు, ఎకరానికి 40 గుంటలు కాబట్టి అర ఎకరం. ఆంధ్ర లెక్కలో 20 సెంట్లు, ఎకరంలో ఐదోవంతు. అంకె మారలేదు, అర్థం మాత్రం పై కార్యాలయాన్ని బట్టి మారిపోయింది.

డివైస్ ట్రీలో అచ్చం ఇదే. క్యూఎము అనే ఎమ్యులేటర్ తయారుచేసే 'వర్ట్' అనే ఊహా రిస్క్-ఫైవ్ బోర్డు ఉంది, ఎవరైనా తమ లాప్‌టాప్‌లో నడుపుకోవచ్చు. దాని చెట్టులో ఎస్ఓసీ అనే నోడ్ కింద సీరియల్ పోర్టు నోడ్ ఉంటుంది. చిరునామా ఆస్తిలో నాలుగు అంకెలు వరుసగా ఉంటాయి: 0, 10000000, 0, 100. అన్నీ షోడశాంకాలే. పక్కనే ఇంటరప్ట్ నంబరు, మామూలు లెక్కలో 10. ఆ నాలుగు అంకెలను ఎలా చదవాలో పిల్ల నోడ్‌లో లేదు. చిరునామాకు రెండు గళ్ళు, పొడవుకు రెండు గళ్ళు అని తల్లి నోడ్ చెబుతుంది. అలా చదివితే 10000000 దగ్గర 256 బైట్ల పరికరం అని తేలుతుంది. ఒక్కో గడి చొప్పున చదివామా, సున్నా చిరునామా దగ్గర ఏకంగా 256 మెగాబైట్ల పరికరం ప్రత్యక్షమవుతుంది! ఇంతటితో అయిపోలేదు. తల్లి లోకంలోని చిరునామా తాత లోకంలో వేరుగా ఉండొచ్చు. రేంజెస్ అనే ఆస్తి పట్టుకుని మెట్టు మెట్టుగా వేరు దాకా ఎక్కుతూ అనువదించుకోవాలి. ప్రతి మెట్టు దగ్గరా, తల్లి ఎవరు అన్న ప్రశ్నే. చదును చెట్టులో ప్రతి ప్రశ్నకూ మొదటినుంచి చదువు.

చిన్న బోర్డుకు ఇది లెక్కలోకి రాదు. ఈరోజుల్లో ఒక ఫోన్ చిప్ వర్ణన వందల కిలోబైట్లు ఉంటుంది. పైగా ఫైల్లోని అంకెలన్నీ బిగ్-ఎండియన్ పద్ధతిలో, పవర్‌పీసీ పుట్టింటి ఆచారంగా ఉంటాయి. ఆర్మ్, రిస్క్-ఫైవ్‌లు సాధారణంగా అందుకు తిరగేసి చదువుతాయి కాబట్టి ప్రతి అంకెనూ తిప్పి రాసుకోవాలి. మార్పులు చేయడమైతే మరీ చిరాకు. బూట్‌లోడర్ చోజెన్ అనే నోడ్‌లో కెర్నెల్‌కు చెప్పవలసిన ఆదేశాలు చేర్చాలి. దండలో మధ్యన ఒక పూస చేరితే వెనకున్నదంతా జరగాలి. జరిగాక అంతకుముందు రాసిపెట్టుకున్న స్థానాలన్నీ చెల్లవు, కానీ చెల్లవని అవి చెప్పవు. ఈ తప్పు పట్టుకోవడానికి రాత్రుళ్ళు కూర్చున్న ఇంజినీర్లు బెంగళూరులోనూ హైదరాబాదులోనూ కొదవలేదు.

తల్లి స్థానాన్నీ, పిల్లల మొత్తం పొడవునూ ఫైల్లోనే రాసిపెట్టొచ్చు కదా? రాయొచ్చు. అప్పుడు ఒక పూస చేరినా అవన్నీ దిద్దాలి, ఫైలు పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, లోకంలో అప్పటికే ఉన్న బూట్‌లోడర్లూ కెర్నెళ్ళూ ఆ కొత్త రూపాన్ని చదవలేవు. ఈ ఫైలు రూపం 17వ వెర్షన్ దగ్గర ఏళ్ళ తరబడి కదలకుండా ఉంది. అలా ఉండటమే మంచిదని నేను అనుకుంటాను. ఇద్దరి మధ్య చేతులు మారే పత్రం తెలివైనది కానక్కరలేదు, మారకుండా ఉంటే చాలు. తెలివి చదివేవాడి దగ్గర ఉండాలి.

లినక్స్ చేసేది అదే. మొదట చదును చెట్టునే ఒకసారి పైపైన చూసి మెమరీ ఎంత, ఆదేశాలేమిటి అన్నవి మాత్రం ఏరుకుంటుంది. మెమరీ చేతికొచ్చాక చెట్టును విప్పి కడుతుంది. ఈ కట్టడం కూడా రెండు విడతలు. మొదటి విడతలో ఏమీ కట్టకుండా, ఎంత చోటు కావాలో లెక్క మాత్రం చూస్తుంది. అంత చోటు ఒకేసారి తీసుకుని రెండో విడతలో నిజంగా కడుతుంది. ఇప్పుడు ప్రతి నోడ్‌కూ తల్లి, మొదటి పిల్ల, పక్క నోడ్, ముగ్గురికీ పాయింటర్లు ఉంటాయి. తల్లి ఎవరన్న ప్రశ్నకు ఒక్క అంగలో జవాబు. ఖర్చు, అదనపు మెమరీ. ఇంకో ఖర్చు కంటికి కనిపించదు. నడుస్తుండగా నోడ్లు చేరుతాయి, పోతాయి కాబట్టి ఎవరు ఏ నోడ్‌ను వాడుతున్నారో లెక్కపెట్టుకోవాలి. తీసుకున్న నోడ్‌ను డ్రైవర్ తిరిగి అప్పజెప్పడం మరిచిపోతే ఆ లెక్క ఎప్పటికీ తెగదు. లినక్స్‌లో అలాంటి మరుపులను దిద్దే సవరణలు ఏటా వస్తూనే ఉన్నాయి.

యూ-బూట్ అనే బూట్‌లోడర్ ఇంకో ఇబ్బందిలో ఉంది. దాని బతుకే తాత్కాలికం. రెండు మూడు సెకన్లు ఉండి కెర్నెల్‌కు దారి ఇచ్చి వెళ్ళిపోయేది. దానికి చెట్టు కట్టుకోవడం అవసరమా? చాలాకాలం కట్టుకోలేదు. 2017లో సైమన్ గ్లాస్ దానిలోకి కూడా విప్పిన చెట్టును తెచ్చాడు, కానీ కావాలనుకున్నవాళ్ళకు మాత్రమే. యూ-బూట్ మెమరీలో తన శాశ్వత చోటుకు మారకముందు చదును చెట్టు, మారాక విప్పిన చెట్టు. రెంటికీ డ్రైవర్ కోడ్ ఒకటే ఉండాలి కాబట్టి ఓఎఫ్‌నోడ్ అనే ముసుగు వేశారు. దాని లోపల ఒకప్పుడు స్థానాంకం, ఒకప్పుడు పాయింటర్. ముసుగు వెనక ఏముందో డ్రైవర్‌కు అనవసరం.

ఇంకా చిన్నచోట, ఆన్ చేసిన వెంటనే కొన్ని పదుల కిలోబైట్ల చిప్ మెమరీలోనే నడవాల్సిన తొలి దశలో, చెట్టునే కత్తిరిస్తారు. అవసరంలేని నోడ్లు తీసేసి నాలుగు కొమ్మలు ఉంచుతారు. అదీ భారమైతే 2016లో వచ్చిన ఇంకో దారి ఉంది. ప్రోగ్రామ్ తయారుచేసేటప్పుడే చెట్టంతా చదివి సీ భాష నిర్మాణాలుగా మార్చేయడం. జెఫిర్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ అంతా ఇదే పద్ధతి మీద నిలబడింది. నడిచేటప్పుడు వెతుకులాట సున్నా. కానీ ఆ ప్రోగ్రామ్ ఆ ఒక్క బోర్డుకే పనికొస్తుంది. బోర్డుకో కెర్నెల్ వద్దనే కదా చెట్టు నాటింది!

ఇప్పుడు ఈ వ్యవహారంలో నాకు బాగా నచ్చిన ఘట్టం. డివైస్ ట్రీ పేరుకు చెట్టేగానీ కొమ్మలకు అడ్డంగా బోలెడు తాళ్ళు కట్టి ఉంటాయి. సీరియల్ పోర్టుకు గడియారం ఇచ్చేది ఒక నోడ్, కరెంటు ఇచ్చేది ఇంకోటి, ఇంటరప్టులు అందుకునేది మరోటి. ఈ సంబంధాలు తల్లీపిల్లలవి కావు. ఒక్కో నోడ్‌కు పీహ్యాండిల్ అనే నంబరు ఇచ్చి, ఫలానా నంబరు నోడ్ చూడు అని రాస్తారు. పహాణీలో ఒక నంబరు పక్కన ఇంకో సర్వే నంబరు చూడమని రాసినట్టే. ఆ నంబరు ఎక్కడుందో తెలియాలంటే లినక్స్ విప్పిన చెట్టులో కూడా మొదటినుంచి ఒక్కొక్క నోడ్‌నే అడుగుతూ పోయేది. బూట్‌లో ఇలాంటి వెతుకులాటలు వెయ్యికి పైగా జరుగుతాయి. అడిగిన పరికరం ఇంకా సిద్ధం కాకపోతే డ్రైవర్ వెనక్కి వెళ్ళి మళ్ళీ వస్తుంది, వచ్చినప్పుడల్లా మళ్ళీ వెతుకుతుంది.

2018లో వచ్చిన 4.17 కెర్నెల్‌లో ఫ్రాంక్ రోవాండ్ దీనికొక సూచిక పెట్టాడు. చెట్టును ఫైలుగా మార్చే డీటీసీ కంపైలర్ పీహ్యాండిళ్ళను 1, 2, 3 అని వరుసగా ఇస్తుంది కాబట్టి, అన్నీ పట్టేంత పట్టిక ఒకటి వేస్తే నంబరే గడి అవుతుంది, ఒక్క అంగలో నోడ్ దొరుకుతుంది. ఇంతకంటే చక్కటి పరిష్కారం ఉంటుందా అనిపిస్తుంది. తీరా వాడుకలో దాని లొసుగులు బయటపడ్డాయి. పవర్ ప్రాసెసర్లున్న యంత్రాల్లో ఆ నంబర్లు వరుసగా ఉండవు. నోడ్లు చేరినప్పుడల్లా పట్టికను కూల్చి కట్టాలి. అన్నిటికంటే పెద్దది, ఆ పట్టిక వేయడానికి మెమరీ కేటాయింపు వ్యవస్థ లేచి కూర్చోవాలి. అప్పటికే కొన్ని వందల వెతుకులాటలు పాత పద్ధతిలో నడిచి అయిపోతాయి.

2020 మార్చిలో విడుదలైన 5.6 కెర్నెల్‌కు రాబ్ హెరింగ్ దాన్ని తీసేసి, చూడటానికి మొద్దుగా ఉండే పద్ధతి పెట్టాడు. సరిగ్గా 128 గళ్ళ పట్టిక, కెర్నెల్‌లో మొదటినుంచీ ఉండేది. పీహ్యాండిల్ నంబరును ఒక హ్యాష్ లెక్కతో 128లోపు అంకెగా మార్చి ఆ గడిలో నోడ్ చిరునామా రాసిపెట్టడం. ఒకే గడికి ఇద్దరు వస్తే పాతవాడు లేచి కొత్తవాడికి చోటివ్వాలి. గడిలో దొరక్కపోతే మామూలుగా వెతుక్కోవడం. ఆయన ఆర్‌కే3399 అనే చిప్ ఉన్న బోర్డు మీద కొలిచి చూశాడు. కెర్నెల్ గడియారం నడవడం మొదలయ్యాక జరిగే 1,248 వెతుకులాటలకు ఏ సూచికా లేకపోతే సుమారు 20,124 మైక్రోసెకన్లు పట్టింది. రోవాండ్ పట్టికతో 819. కొత్త 128 గళ్ళతో 5,134. ఇక్కడిదాకా చూస్తే కొత్తది ఓడిపోయినట్టే. కానీ గడియారం నడవకముందే ఇంకో 288 వెతుకులాటలు ఉన్నాయి. వాటి ఖర్చు అంచనా వేస్తే సూచిక లేకుండా 13,319 మైక్రోసెకన్లు. రోవాండ్ పట్టిక అప్పటికింకా పుట్టలేదు కాబట్టి దానికీ అంతే. 128 గళ్ళకు 690 మాత్రమే. మొత్తం కూడితే సూచిక లేనిది 33 మిల్లీసెకన్ల పైన, అన్నీ పట్టే పట్టిక 14, చిన్న పట్టిక 6 కంటే తక్కువ.

రోవాండ్ పట్టికను కూడా ముందుకు జరపొచ్చు కదా అంటే, జరపొచ్చు. అప్పుడు తొలి దశకొక కేటాయింపు పద్ధతి, తర్వాతి దశకొకటి రాయాలి. కొద్ది మిల్లీసెకన్ల కోసం అంత కోడ్‌ను ఏళ్ళ తరబడి ఎవరు మోస్తారు? హెరింగ్ మోయనన్నాడు. ఆయన లెక్కే నాకు నచ్చింది. చాలాసార్లు మనం, ఒక్క వెతుకులాట ఎంత వేగం అని మాత్రమే అడుగుతాం. బూట్‌లో అడగవలసినది ఆ సూచిక ఏ క్షణానికి చేతికి వస్తుంది, దాన్ని నిలబెట్టడానికి ఎంత కోడ్ కావాలి అని.

వీటన్నిటితో కౌల్‌బజార్ రౌటర్ మీ కంటికి తెలిసేంత ముందుగా లేస్తుందా? లేవదు. ఇరవై ముప్పై మిల్లీసెకన్లు మనిషి రెప్పపాటులో చిన్న ముక్క. కారు వెనక కెమెరా, ఆసుపత్రి పరికరం లాంటివాటికి మాత్రం ఇలాంటి ముక్కలు పోగుచేసే బూట్ సమయాన్ని ఒక సెకను, రెండు సెకన్లకు తెస్తారు. అక్కడ ఈ లెక్కలకు విలువ ఉంది.

బళ్ళారి, అనంతపురం, కర్నూలు ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలకు ఒక మాట. ఈ చెట్టును చూడటానికి బోర్డు కొనక్కరలేదు. రాస్ప్‌బెరీ పై ఉంటే ప్రాక్ డైరెక్టరీలో డివైస్-ట్రీ అనే ఫోల్డర్ తెరవండి, ప్రతి నోడ్ ఒక ఫోల్డరుగా, ప్రతి ఆస్తి ఒక ఫైలుగా కనిపిస్తుంది. అదీ లేకపోతే క్యూఎములో వర్ట్ బోర్డుకు డంప్‌డీటీబీ అనే ఆప్షన్ ఇస్తే దాని చెట్టు ఫైలుగా బయటికొస్తుంది, డీటీసీతో మామూలు అక్షరాల్లోకి మార్చుకోవచ్చు. పైన చెప్పిన సీరియల్ పోర్టును అందులో వెతికి పట్టుకోండి. తర్వాత తల్లి నోడ్‌లో ఆ రెండు గళ్ళను ఒకటి చేసి మళ్ళీ బూట్ చేసి చూడండి. తెర మీద ఒక్క అక్షరం కూడా రాకపోతే కంగారు పడకండి, ఏం చెడిందో మీకు ముందే తెలుసు.